జర్మన్ రోడ్‌స్టర్ల పునరుద్ధరణ : కొంత చరిత్ర, కొంత రసాయనం

గురజాలలో మాచర్ల పోయే దారి పక్కన ఒక లారీ మరమ్మతు షెడ్డు ఉన్నది. దాని వెనుక గోడకు ఆనించి ఒక పాత లారీ ముక్కు, అనగా ఇంజను మీది మూత, ముందరి జాలీ కలిసివున్న భాగం, నేను కళాశాలలో ఉద్యోగానికి చేరిన నాటినుండి కనిపిస్తూనే ఉన్నది. జాలీ నడుమ ఒక వలయం, ఆ వలయంలో మూడు కొనల నక్షత్రం. ఈనాటి విద్యార్థికి ఆ గుర్తు చూడగానే ధనవంతుల కారు జ్ఞాపకం వస్తుంది. మన పల్నాటి పెద్దలకు మాత్రం అది ‘బెంజి లారీ’. 1954లో టాటావారి టెల్కో సంస్థ జర్మనీలోని డైమ్లర్-బెంజ్ కంపెనీతో పదిహేనేళ్ల ఒడంబడిక చేసుకొని జంషెడ్‌పూరులో లారీలు తయారుచేయసాగినది. 1969లో ఒడంబడిక ముగిసేవరకు ఆ లారీల నొసట ఈ నక్షత్రం ఉండేది. నాగార్జునసాగరం ఆనకట్ట కట్టిన 1955-67 సంవత్సరాలు కూడ ఇంచుమించు అవే.

కిందటి వేసవిలో ఆ షెడ్డు మేస్త్రీకి నేనొక సలహా చెప్పాను. “ఎమరీ కాగితంతో బాగా రుద్ది, కొత్త రంగు వేయించి, మా కళాశాలలో పిల్లలకు చూపించడానికి పెడదాం మేస్త్రీ గారూ” అన్నాను. ఆయన బీడీ పక్కన పెట్టి, “రుద్దితే ఇనుము మిగులుద్ది మాష్టారూ, బండి మిగలదు. దీనిమీద నాలుగు రంగులున్నయ్. ఏ రంగు ఏ యజమాని వేయించాడో నాకు తెలుసు” అన్నాడు. ఆ మాట నాకప్పుడు పట్టలేదు. పాత కార్లను సేకరించి బాగుచేసేవారు ప్రపంచమంతటా కొన్ని దశాబ్దాలుగా వాదించుకుంటున్నది సరిగా ఈ మాట గురించేనని తరువాత చదివినప్పుడు తెలిసినది.

ఆ లారీల ఒడంబడిక జరిగిన 1954లోనే, ఫిబ్రవరి నెలలో, అదే డైమ్లర్-బెంజ్ కంపెనీ న్యూయార్కు మోటారు ప్రదర్శనలో రెండు చిన్న కార్లను జనానికి చూపినది. ఒకటి 300 ఎస్‌ఎల్, రెండవది 190 ఎస్‌ఎల్. జర్మన్ కార్లను జర్మనీలో కాక న్యూయార్కులో ఎందుకు మొదట చూపారన్న ప్రశ్నకు జవాబులోనే ఈ కార్ల చరిత్ర సగం ఇమిడి ఉన్నది.

రోడ్‌స్టర్ అంటే రెండే సీట్లు గలిగి, మడిచి వెనక్కు నెట్టదగిన గుడ్డ కప్పుతో, తేలికగా, వేగంగా పోయేటట్లు కట్టిన కారు. అందులో కుటుంబం పట్టదు, సామాను పట్టదు, వాన వస్తే తంటా. 1945లో యుద్ధంలో ఓడి, కర్మాగారాలు బాంబులకు కూలి, తిండికే కటకటపడిన దేశానికి ఇటువంటి విలాసపు బండి ఏల? జవాబు ఒక్కటే: డాలర్లు. స్వదేశంలో కొనగలవారు లేరు. అమెరికాలో ఉన్నారు. ఆస్ట్రియాలో పుట్టి న్యూయార్కులో ఐరోపా కార్ల వ్యాపారం చేసిన మాక్స్ హాఫ్‌మన్ అనే ఆయన, అమెరికనుకు ఏమి కావాలో జర్మన్ కంపెనీలకు చెప్పి చేయించాడు. ఈ వ్యాసంలో వచ్చే కార్లలో ఇంచుమించు ప్రతిదాని వెనుక ఈయన చెయ్యి ఉన్నది.

పోర్షె సంగతి చూడండి. ఆ పేరుతో మొట్టమొదటి కారు జర్మనీలో కాదు, ఆస్ట్రియాలోని గ్మూండ్ అనే పల్లెలో, ఒక పాత రంపపు మిల్లు ఆవరణలో తయారైనది. 1948 జూన్ 8న దానికి రోడ్డుమీదికి వచ్చేందుకు అనుమతి లభించినది. అల్యూమినియం రేకు ఒడలు, వోక్స్‌వాగన్ ఇంజను, పైకప్పు లేదు. దాని పేరు 356. 1950 నాటికి పని స్టుట్‌గార్టుకు మారి, రేకు ఉక్కుకు మారినది. 1954లో హాఫ్‌మన్ ప్రోద్బలంతో అనవసరమైనవన్నీ తీసివేసి ‘స్పీడ్‌స్టర్’ అనే రకాన్ని చేశారు. దాని ధర 2,995 డాలర్లు. మూడు వేలకు ఒక్క అయిదు తక్కువ! మన చెప్పుల దుకాణాల వారి ఉపాయం అక్కడా ఉన్నదన్నమాట.

300 ఎస్‌ఎల్ విషయం వేరు. అది పందెపు కారునుండి పుట్టినది. సన్నని ఉక్కు గొట్టాలను త్రికోణాలుగా అతికి, పక్షి ఎముకల వలె తేలికయైన అస్థిపంజరం కట్టి, దానిమీద రేకు తొడిగారు. త్రికోణం ఒత్తిడికి ఆకారం మార్చుకోదని జ్యామితి పాఠంలో చెబుతాము కదా, అదే సూత్రం. అయితే ఆ గొట్టాలు తలుపు ఉండవలసిన చోట ఎత్తుగా రావడంచేత తలుపులను కప్పుకు కీలు బిగించి పైకి లేచేటట్లు చేయవలసి వచ్చినది. అటువంటివి 1,400 తయారైనాయి. 1957లో గొట్టాల అమరిక మార్చి, మామూలు తలుపులతో కప్పులేని రోడ్‌స్టర్‌ను తెచ్చారు. 1963 వరకు అవి 1,858. యుద్ధకాలపు విమాన ఇంజన్లలో వాడిన పద్ధతిని, అనగా పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే పద్ధతిని, నాలుగు ఘాతాల పెట్రోలు ఇంజనుతో అమ్మిన కార్లలో మొదట ఉపయోగించినది ఈ రకంలోనే. దాని చెల్లెలు 190 ఎస్‌ఎల్ నిజానికి సాదా 180 సెడాన్ కారు అడుగుభాగాన్ని కురచ చేసి, అందమైన చొక్కా తొడిగినది. 105 అశ్వశక్తి. 1955-63 మధ్య 25,881 అమ్ముడుపోయినవి. తల్లిదండ్రుల పేరు చెప్పుకొని బతికిన బిడ్డ అని దీన్ని వెక్కిరించేవారున్నారు కాని, నేడు బాగుచేయబడుతున్న జర్మన్ రోడ్‌స్టర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

ఇక బి.ఎం.డబ్ల్యు. 507. ఆల్‌బ్రెక్ట్ ఫాన్ గోయెర్‌ట్స్ అనే చిత్రకారుడు గీసిన ఆ రూపాన్ని 1955లో చూసినవారు ముగ్ధులైనారు. ఇంజను అల్యూమినియం, ఎనిమిది సిలిండర్లు, 150 అశ్వశక్తి. ఒడలు కూడ అల్యూమినియమే, చేత్తో సుత్తితో మలచినది. హాఫ్‌మన్ 5,000 డాలర్లకు అమ్మవచ్చుననుకున్నాడు. చేతిపని ఖర్చుతో ధర దానికి రెట్టింపయినది. 1959లో ఆపివేసేనాటికి తయారైనవి 252 మాత్రమే. చేత్తో మలచినవి కాబట్టి ఒక కారు గట్టికప్పు మరొక కారుకు సరిపోదని చెబుతారు. కంపెనీ నష్టాలలో మునిగి 1959 డిసెంబరులో డైమ్లర్-బెంజ్ వశం కావలసినంత పని అయినది. ఒక్క కారే దానికి కారణమనడం న్యాయం కాదు గాని, ఈ కారు ఆ గోతిని లోతు చేసినమాట నిజం.

ఇవన్నీ ఈనాడు గాజుగదులలో మెరుస్తున్నవి కదా అని ఎప్పుడూ ఇట్లాగే గౌరవించబడినాయనుకోరాదు. పదేళ్లు గడిస్తే ఏ కారైనా పాతకారే. 1960ల చివరకు వీటిని ‘సెకండ్ హ్యాండు’ కింద చవకగా కొని, నచ్చినట్లు కోసి, విరిగినదానికి బదులు దొరికినది బిగించి వాడుకున్నారు. దీనికి ఒక 507 కథ చాలు.

ఆ కారు ఛాసీ సంఖ్య 70079. మొదట తెల్ల రంగు. హాన్స్ స్టుక్ అనే ప్రఖ్యాత జర్మన్ పందెగాడు 1958లో దాన్ని కొండదారుల పందేలలో నడిపాడు. ఆ ఏడే అమెరికన్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ సైనికోద్యోగంపై జర్మనీ వచ్చి డిసెంబరులో దాన్ని తీసుకున్నాడు. అభిమానులైన ఆడపిల్లలు తెల్లని రేకుమీద పెదవిరంగుతో రాసిపోతూ ఉంటే, విసిగి ఎర్ర రంగు వేయించాడట. 1960లో ఆయన స్వదేశానికి వెళ్లిన తరువాత కారు కూడ అమెరికా చేరినది. అలబామాలో ఒక రేడియో వ్యాఖ్యాత దాన్ని కొని, పందేలకు వాడదలచి, బి.ఎం.డబ్ల్యు. ఇంజను పీకివేసి షెవ్రొలే ఇంజను పెట్టించాడు. చేసినవానికి అది పాపమని తోచలేదు. ఆనాటికి అది పాత కారే. 1968లో జాక్ కాస్టర్ అనే అంతరిక్ష ఇంజనీరు కొన్నాడు. ఎప్పటికైనా బాగుచేద్దామనే కోరికతో భాగాలు కూడబెడుతూ, కాలిఫోర్నియాలో గుమ్మడికాయల గిడ్డంగిలో ఉంచాడు. ఒక పాత్రికేయురాలి వెతుకులాట, ఛాసీ సంఖ్య కలిసి, ఇది ఎల్విస్ కారేనని తేలినది. 2014లో దాన్ని మ్యూనిక్ పంపి, ఏ స్థితిలో దొరికినదో ఆ స్థితిలోనే కొద్దిరోజులు మ్యూజియంలో జనానికి చూపారు. తరువాత రెండేళ్ల పని. 2016 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ ప్రదర్శనకు తెల్లగా మెరుస్తూ వచ్చినది. కాస్టర్ దాన్ని చూడలేదు. 2014 నవంబరులోనే మరణించాడు.

రెండేళ్లు ఏమి పని చేశారన్నది తెలియాలంటే ముందు ఆ కారుకు ఏమైనదో తెలియాలి. అక్కడ మన రసాయన పాఠం అక్కరకు వస్తుంది.

పదవ తరగతిలో మూడు పరీక్షనాళికల ప్రయోగం చేయిస్తాము. మొదటిదానిలో మామూలు నీరు, ఇనుప మేకులు. రెండవదానిలో మరిగించి గాలి పోగొట్టిన నీరు, పైన నూనె పొర. మూడవదానిలో నీరు లేదు, తేమను పీల్చే కాల్షియం క్లోరైడు ఉన్నది. కొద్ది రోజులకు మొదటి నాళికలోని మేకులే తుప్పు పడతాయి. ప్రాణవాయువు, అనగా ఆక్సిజన్, నీరు రెండూ కలిసివుంటేనే తుప్పు. ఇందులో నాలుగవ నాళిక ఒకటి చేర్చి ఉప్పునీరు పోసి చూడమని ఉపాధ్యాయులను కోరుతున్నాను. తుప్పు త్వరపడడం పిల్లలు కంటితో చూస్తారు. ఇనుము మీద ఒక చోట పరమాణువులు ఎలక్ట్రానులను వదిలి నీటిలోకి దిగిపోతాయి. ఆ ఎలక్ట్రానులు లోహంగుండా పోయి మరొక చోట ప్రాణవాయువును కలుసుకుంటాయి. ఈ చిన్న విద్యుద్ఘటం పనిచేయాలంటే నీటిలో అయాన్ల రాకపోకలు జరగాలి. ఉప్పు ఆ దారిని వెడల్పు చేస్తుంది.

జర్మనీలో, అమెరికా ఉత్తరభాగంలో చలికాలం రోడ్లమీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. చక్రాలు ఆ ఉప్పునీటిని కారు అడుగుకు కొడతాయి. పోర్షె 356కు వేరుగా ఛాసీ లేదు. తలుపుల కింద రేకును పెట్టెలవలె మడిచి చేసిన దూలాలే దాని వెన్నెముక. పెట్టె లోపలికి నీరు పోవడం సులభం, రావడం కష్టం. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల నాలుగవ నాళిక పనిచేస్తూనే ఉంటుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు అతికిన కీలులో పుడితే, గోడలో రావి మొలక వలె, ఆ రెంటిని విడదీస్తుంది. పోర్షెవారు యశదపు పూత పూసిన రేకుతో తమ కార్లను కట్టనారంభించినది 1970ల నడుమ. అంతకు ముందటి కార్లన్నిటికి ఈ రోగం పుట్టుకతో వచ్చినదే.

రెండవ రోగం చిత్రమైనది. 190 ఎస్‌ఎల్, 300 ఎస్‌ఎల్ కార్లకు ఒడలు ఉక్కు. కాని బరువు తగ్గించడానికి తలుపులు, ఇంజను మూత, వెనుక పెట్టె మూత అల్యూమినియంతో చేశారు. అల్యూమినియం తుప్పు పట్టదని మనం తేలికగా అంటాము. గాలి తగలగానే దానిమీద ఆక్సైడు పొర ఏర్పడి కాపాడుతుందన్నది నిజమే. అయితే ప్రమాణ విద్యుత్ పొటెన్షియల్ పట్టిక తీసి చూడండి. ఇనుముకు మైనస్ 0.44 వోల్టులు, అల్యూమినియానికి మైనస్ 1.66. ఈ రెండు లోహాలు ఒకదానినొకటి తాకుతూ, మధ్య ఉప్పునీరు చేరితే, ఆ పొర నిలువజాలదు. అల్యూమినియం ఆనోడై తాను కరిగిపోతూ ఉక్కును రక్షిస్తుంది. తలుపు కీలు బిగించిన చోట రంగు బుడగలెత్తి, విప్పి చూస్తే తెల్లని పిండి రాలుతుంది. అందుచేత బాగుచేసేవారు రెండు లోహాలు నేరుగా తాకకుండా నడుమ పూతో, పట్టీయో పెట్టి బిగిస్తారు. ఎనభై గ్రాముల రబ్బరుకు కక్కుర్తిపడి ఎనిమిది కిలోల తలుపును పోగొట్టుకోరాదు కదా!

మన రెంటచింతల ఎండలో ఉక్కు ఇంత త్వరగా తుప్పు పట్టదు. కాని ఆ ఎండ రబ్బరును, తోలును, రంగును ఊరుకోదు. రేకు బాగుండి మిగిలినదంతా పొడియైపోయిన కారు ఒకటి, సీట్లు బాగుండి అడుగు లేని కారు ఒకటి ఎదురుపడితే మొదటిదానిని కొనమని అనుభవజ్ఞులు చెబుతారు. సీటు మళ్లీ కుట్టించవచ్చును. అడుగు సరిగా కుదరకపోతే తలుపు మూసుకోదు, చక్రం సూటిగా పోదు.

ఇక పని. పాడైన రేకును కోసి కొత్తది అతకడం మన లారీ షెడ్లలో టింకరింగ్ మేస్త్రీలు రోజూ చేసేదే. విజయవాడ ఆటోనగరులో లారీ ఒడళ్లు కట్టేవారి చేతివాటం చూసినవారికి ఇందులో వింత కనిపించదు. వింతయల్లా రేకు వంపులో ఉన్నది. 507 ముందరి చక్రం మీది వంపు ఏ అచ్చులోనూ పోసినది కాదు. సుత్తితో కొట్టినకొద్దీ లోహంలోని స్ఫటికాలు చిక్కుపడి అది గట్టిపడుతుంది. ఇంకా కొడితే పగులుతుంది. వేడి చేసి చల్లారనిస్తే తిరిగి మెత్తబడుతుంది. మన కంచరులకు ఇత్తడి బిందె చేసేటప్పుడు ఇది కొట్టినపిండి. అల్యూమినియంతో చిక్కేమంటే, ఇనుమువలె ఎర్రబడి హెచ్చరించదు. చూస్తూ ఉండగానే కరిగి కారిపోతుంది. దీనికి పనివారు కనిపెట్టిన ఉపాయం సబ్బు. రేకుమీద సబ్బు రుద్ది మంట చూపుతారు. సబ్బు నల్లబడగానే మంట తీసివేస్తారు. అదే వారి ఉష్ణమాపకం.

అతుకు మీది ఎగుడుదిగుళ్లను ఇప్పుడు లప్పంతో పూడుస్తారు. ఆ కార్లు పుట్టిన రోజులలో సీసం, తగరం కలిపిన మిశ్రలోహంతో పూడ్చేవారు. నూటికి డెబ్బై పాళ్లు సీసం, ముప్పై పాళ్లు తగరం ఉన్న మిశ్రలోహం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడడం మొదలుపెట్టి, సుమారు 255 డిగ్రీల వద్ద గాని పూర్తిగా ద్రవం కాదు. ఈ రెంటి నడుమ వెన్నముద్దవలె ఉంటుంది. నూనె పూసిన చెక్కతో దాన్ని రేకుమీద అద్ది నునుపు చేస్తారు. శుద్ధ లోహానికి ఈ నడిమి స్థితి లేదు. మిశ్రలోహం ఎందుకు చేస్తారన్నదానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. సీసపు పొడి విషమన్న సంగతి మాత్రం విద్యార్థులు మరువరాదు. దీన్ని ఆకురాయి పెట్టి రుద్దేటప్పుడు ముక్కుకు తగిన ముసుగు లేనిదే పనివాడు దరికి పోరాదు.

లప్పం మందంగా పూసి తుప్పును దాచిన కారును పట్టుకోవడానికి అయస్కాంతం చాలు. ఉక్కు రేకుకు అంటుకుంటుంది, లప్పం మీద జారిపోతుంది. ఈ పరీక్ష 507 మీద చేయబోతే మాత్రం పరాభవమే. ఆ ఒడలు ఎక్కడ తాకినా అంటుకోదు.

బంపర్ల మెరుపు కూడ చెప్పవలసినదే. మనం క్రోమియం పూత అంటాము గాని, అది మైక్రాను కన్న పలుచని పైపొర మాత్రమే. దాని కింద నికెల్, నికెల్ కింద తరచు రాగి ఉంటుంది. తుప్పును ఆపేది నికెల్, గీతలు పడకుండ తళతళలాడేది క్రోమియం. ఇది విద్యుద్విశ్లేషణ ప్రయోగానికి పెద్దన్న. బాగుచేసేటప్పుడు పాత పూతను తొలగించి, లోహాన్ని నునుపు చేసి, మూడు తొట్లలో వరుసగా ముంచుతారు. అడుగున ఒక్క గుంట మిగిలినా పైన అద్దంలో కనిపిస్తుంది.

ఇంజన్ల పని మీద వేరే వ్యాసమే రాయవచ్చు. ఒక్క ముచ్చట చెప్పి ముగిస్తాను. 300 ఎస్‌ఎల్‌లో పెట్రోలు చిమ్మే పంపు ఇంజనుతో పాటు తిరిగేది. తాళం తిప్పి నిప్పురవ్వను ఆపినా, ఇంజను నిలిచేవరకు పంపు పెట్రోలు పోస్తూనే ఉండేది. ఆ పెట్రోలు సిలిండరు గోడలమీది నూనె పొరను కడిగి కిందికి దిగి నూనెను పలుచబరచేది. కనుక వీటి యజమానులు నూనెను తరచు మార్చవలసివచ్చేది. మేధావి బిడ్డకు ఒక అవలక్షణం ఉన్నట్లు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాము. ఎల్విస్ కారుకు మ్యూనిక్‌లో కొత్త అడుగు కట్టారు. మొదటి ఇంజను ఎక్కడున్నదో లేదు కనుక విడిభాగాలు సమకూర్చి అదే రకం ఇంజను నిర్మించారు. తలుపు పిడులు, అద్దాలు దించే పిడులు దొరకనందున త్రిమితీయ ముద్రణతో తయారుచేశారు. రంగు మొదటి తెలుపు. అంటే కాస్టర్ చూసిన కారుగాని, అలబామా వ్యాఖ్యాత నడిపిన కారుగాని ఇప్పుడు లేదు. ఎల్విస్ వేయించిన ఎరుపు కూడ లేదు. ఆయన చేతికి వచ్చిన మొదటిరోజు కారు ఉన్నది. ఇది తప్పా, ఒప్పా?

పక్కనే మరొక 507ను పెట్టి చూద్దాము. 1956లో 500 సి.సి. మోటారు సైకిళ్లలో ప్రపంచ విజేతయైన ఇంగ్లీషువాడు జాన్ సర్టీస్‌కు ఆ విజయానికి బహుమానంగా లభించినది అది. ఆయన తరువాత 1964లో కార్లలోను ప్రపంచ విజేత అయినాడు. రెండు చక్రాలమీద, నాలుగు చక్రాలమీద కూడ ప్రపంచ విజేత కాగలిగినవాడు ఆయనొక్కడే. 2017లో మరణించేవరకు ఆ కారు ఆయన దగ్గరే ఉన్నది. ముందు చక్రాలకు డ్రమ్ము బ్రేకులు తీయించి డిస్కు బ్రేకులు పెట్టించాడు. కంపెనీ పెట్టినది కాదు కాబట్టి అది ‘అసలు’ కాదని తీసివేద్దామా? ఆ బ్రేకులు పెట్టించినవాడు సర్టీస్ కదా! 2018లో వేలంలో ఆ కారు ముప్పై ఎనిమిది లక్షల పౌండ్లకు పైగా పలికినది. కొన్నవారు మార్పులతో సహా కొన్నారు.

1970లనుండి 1990ల వరకు ఈ లోకంలో ఒక పిచ్చి ఉండేది. ప్రతి పాత కారునూ కర్మాగారంనుండి వచ్చిన రోజుకంటె ఎక్కువ మెరిసేటట్లు చేయడమే పునరుద్ధరణ అనుకునేవారు. రేకు నునుపు ఎంతంటే, 1955లో ఆ కర్మాగారపు పనివాడు చూస్తే తన పని అని గుర్తుపట్టడు. దానికి తగినట్లు కంపెనీలూ రంగంలోకి దిగినాయి. డైమ్లర్-బెంజ్ వారు 1993లో ఫెల్‌బాక్‌లో పాత కార్లకోసం ప్రత్యేక కేంద్రం తెరిచారు. కర్మాగారపు పాత రికార్డులు చూసి ఫలానా సంఖ్యగల కారుకు ఏ సంఖ్యగల ఇంజను, ఏ రంగు ఉండినదో చెప్పడం మొదలైనది. ఇది మేలే. మోసగాళ్లను పట్టించినది. కాని అదే పట్టిక చూపి, కారు తరువాత బతికిన యాభై ఏళ్ల బతుకును గీకిపారేసినవారు కూడ ఉన్నారు.

దీనికి ఎదురుగాలి 2012లో వచ్చినది. పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ‘ఫీవా’ ఇటలీలోని ట్యూరిన్ పేరుమీద ఒక నియమావళి ఆమోదించినది. అది కట్టడాల రక్షణకై 1964లో వెలువడిన వెనిస్ నియమావళి అడుగుజాడలలో నడచినది. దాని సారం ఇది: ఉన్నదానిని కాపాడటం మొదటి పని, మార్చడం చివరి పని. మార్చితే ఏది మార్చినదీ తరువాతివారు గుర్తించగలగాలి, రాతపూర్వకంగా ఉండాలి.

కట్టడాల నియమం కార్లకు వర్తిస్తుందా అని సందేహించే పల్నాటివారు మాచర్ల మీదుగా నాగార్జునకొండకు ఒకసారి పోయి రండి. ఆనకట్ట నీటిలో లోయ మునగనున్నదని 1954-60 మధ్య అక్కడ తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను విప్పి కొండపైన, అనుపు వద్ద తిరిగి కట్టారు. మరికొన్నిటికి నమూనాలు మాత్రం నిలిపారు. ఏది తరలించి కట్టినది, ఏది నమూనా అన్నది చెప్పి చూపుతారు. చెప్పకుండా రెంటినీ కలిపివేసి ఉంటే, ఆ కొండమీద రాళ్లు ఉండేవి, చరిత్ర ఉండేది కాదు. మేస్త్రీ నాతో అన్నది ఇదే.

ఈ చర్చ మనదేశంలో ఇప్పుడు చట్టంలోకి వచ్చినది. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించి, యాభై ఏళ్లు దాటిన వాహనాలకు ‘వింటేజి’ రిజిస్ట్రేషను కల్పించారు. సంఖ్యలో ‘వి.ఎ.’ అనే అక్షరాలు ఉంటాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. మామూలు ప్రయాణాలకు, వ్యాపారానికి వాడరాదు. అయితే ఒక షరతు ఉన్నది. వాహనం మొదటి రూపంలోనే కాపాడబడి ఉండాలి, ఛాసీ, ఒడలు, ఇంజనులలో గణనీయమైన మార్పు జరిగి ఉండరాదు. తుప్పు తిన్న అడుగును కొత్త రేకుతో కట్టడం ‘గణనీయమైన మార్పు’ అవునా కాదా? కొత్త అడుగు లేనిదే నిలబడని కారుకు ఈ ప్రశ్న ప్రాణంమీదిది. కట్టినవారు ప్రతి దశలోను ఛాయాచిత్రాలు తీసి, తీసివేసిన ముక్కలను కూడ దాచివుంటే అధికారికి చూపించడానికి ఏదైనా ఉంటుంది. దాచనివానికి నోటిమాట తప్ప మిగలదు.

దిగుమతి సంగతి మరొకటి. చాలకాలం మనదేశంలోకి లైసెన్సు లేకుండా తేదగిన పాత కార్లకు హద్దు 1950 జనవరి 1. అంతకు ముందు తయారైనవే రావచ్చును. యుద్ధానంతర జర్మన్ రోడ్‌స్టర్లలో పేరుగలవన్నీ ఇంచుమించు ఆ హద్దుకు ఇవతలివే! అందుచేత రాజుల కాలపు రోల్స్‌రాయిస్‌లు మన ప్రదర్శనలలో కనిపించినంత తేలికగా ఇవి కనిపించవు. 2025లో ఆ హద్దును మార్చి యాభై ఏళ్లు దాటినవాటికి దారి తెరిచారు. ఇకమీదట వచ్చేవాటికి మన పెట్రోలు ఒక పరీక్ష. 2000 ఫిబ్రవరినుండి దేశమంతటా సీసంలేని పెట్రోలే. ఇప్పుడు అందులో నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలను ఉబ్బించి చెడగొడుతుంది. అరవై ఏళ్ల కారును నడపదలచినవాడు గొట్టాలు, వాషర్లు ఇథనాల్‌కు తట్టుకొనే కొత్తరకం రబ్బరుతో మార్చక తప్పదు. ఈ మార్పును ఎవరూ తప్పుపట్టరు. పాతగొట్టం అసలుదే కావచ్చును, కాని కారుకు నిప్పంటుకుంటే అసలుదీ నకిలీదీ ఒకటే బూడిద.

మళ్లీ మా షెడ్డు దగ్గరికి. వేసవి సెలవుల తరువాత నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్లాను. ఎమరీ కాగితం తీసుకుపోలేదు. భూతద్దం, అయస్కాంతం, నోటుపుస్తకం మాత్రమే. అయస్కాంతం నక్షత్రం కింద ఒక జానెడు మేర జారిపోయినది. అక్కడ ఎన్నడో దెబ్బతిని లప్పం పెట్టారు. రంగు చిప్పలేచిన చోట అంచును భూతద్దంతో చూసి పిల్లలు పొరలు లెక్కపెట్టారు. పైన నీలం, తరువాత ఆకుపచ్చ, పసుపు, మళ్లీ మరోరకం నీలం, అన్నిటికంటె అడుగున ఎర్రమట్టి రంగు. మేస్త్రీ చెప్పినది నాలుగు, తేలినది అయిదు. ఒక పిల్లవాడు ఆ సంగతి ఆయనతోనే అన్నాడు.

“అడుగుది కంపెనీవాడి ప్రైమరు అబ్బాయ్, అది లెక్కలోకి రాదు” అన్నాడు మేస్త్రీ. పిల్లవాడు నా వంక చూసి, అయిదనే రాసుకున్నాడు.